పెద్దోడికి ఆధార్ కార్డు ఉందా?

ఈడొచ్చిన పిల్లలతో కలిసి ఫ్యామిలీ సినిమా చూద్దామనుకునే తల్లిదండ్రులు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. పిల్లలు తెర వైపు చూడరు. మిమ్మల్ని చూస్తారు. తెర మీద తండ్రి కళ్ళు తుడుచుకునే వేళకి మీ కళ్ళ పరిస్థితి ఏమిటో ఓ కంట కనిపెడుతుంటారు. కాస్త చెమర్చాయా, సినిమా అయ్యేలోపు ఆ ఫొటో మీ అత్తగారివైపు వాట్సాప్ గ్రూపులో ఉంటుంది.

థియేటర్లో ఈ బాధ లేదు. చీకట్లో ఎవరి ఏడుపు వారిది. ఇంట్లో హాల్లో చూస్తేనే చిక్కు. మా మదీనాగూడలో, దీప్తిశ్రీ నగర్ వైపు ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఆదివారం సాయంత్రం కథ ఇంచుమించు ఒకటే. వారమంతా హైటెక్ సిటీలోనో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో పడి ఉండే అమ్మానాన్నలకి ఉన్నట్టుండి కుటుంబం గుర్తొస్తుంది. 'అందరం కూర్చుని ఏదైనా చూద్దాం' అని ప్రకటన వెలువడుతుంది. ఇంటర్ చదివే మా అమ్మాయి ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీస్తుంది, రెండోది ఉంచుకుంటుంది. తొమ్మిదో తరగతి మావాడు సినిమా పేరు అడగడు. 'ఎంతసేపు?' అంటాడు.

ఏం చూడాలన్నది అసలు తంటా. మా అమ్మకి వెంకటేశ్ సినిమా అంటే కళ్ళు మూసుకుని చూడొచ్చన్న నమ్మకం. 2023 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో ఆయన 'రానా నాయుడు' సిరీస్ వచ్చినప్పుడు ఎన్నో ఇళ్ళల్లో నానమ్మలు దాన్ని నిజంగానే కళ్ళు మూసుకుని చూడాల్సి వచ్చింది. చెవులు మూసుకోవడానికి మాత్రం చేతులు చాల్లేదు. పాపం, అందులో నటించినవాళ్ళు ఇంటిల్లిపాదితో కూర్చుని చూడొద్దని ముందే చెప్పారు. మనవాళ్ళే అది పబ్లిసిటీ అనుకున్నారు. విచిత్రం ఏమిటంటే, 2025 సంక్రాంతికి అనిల్ రావిపూడి తీసిన 'సంక్రాంతికి వస్తున్నాం'లో అదే వెంకటేశ్‌కి బుల్లిరాజు అనే కొడుకున్నాడు. వాడి నోటి నిండా బూతులే, అవన్నీ ఓటీటీలు చూసి నేర్చినవే. ఈయనే రెండేళ్ళ కిందట ఓటీటీలో తిట్టి, ఇప్పుడు ఆ తిట్లు నేర్చిన పిల్లాడికి తండ్రిగా వచ్చాడని మా అమ్మాయి లెక్క తేల్చింది. మా అమ్మ మాత్రం వెంకటేశ్‌ని ఒక్క మాట అననివ్వలేదు.

సర్టిఫికెట్ చూసి ఎంచుకోవచ్చు కదా అంటారు. చూశాం. ఓటీటీలకి 2021 ఐటీ నిబంధనలు వచ్చినప్పటి నుంచీ వయసు గీతలున్నాయి. 2024 చివర్లో సెన్సార్ బోర్డు కూడా యూఏని మూడు ముక్కలు చేసింది: 7 దాటినవాళ్ళకి, 13 దాటినవాళ్ళకి, 16 దాటినవాళ్ళకి. మా ఇంట్లో పద్నాలుగేళ్ళ అబ్బాయి, పదహారేళ్ళ అమ్మాయి, డెబ్భై దాటిన అమ్మ. 13 దాటినవాళ్ళ సినిమా మావాడికి చప్పగా ఉంటుంది, మా అమ్మకి ఘాటెక్కుతుంది. ముగ్గురికీ కలిపి సరిపోయే సర్టిఫికెట్ ఏ బోర్డూ ఇంతవరకు కనిపెట్టలేదు. 13 ఆపైన వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే సదుపాయం ఉండాలని కూడా ఆ ఐటీ నిబంధనల్లోనే ఉంది. ఉంది సరే, వేసేదెవరు? నేనూ మా ఆవిడా ఇద్దరం సాఫ్ట్‌వేరే. మా టీవీకి పిన్ పెట్టింది మాత్రం మావాడు. నేను పిన్ అడిగితే 'ఏం సినిమా?' అని అడిగి, ఆలోచించి, చెబుతాడు.

ఇక ముద్దు సన్నివేశం. ఎంత జల్లెడ పట్టినా ఒకటి జారిపడుతుంది. నాయికానాయకులు మాటలు మానేసి, వెనక వయొలిన్ మొదలైందంటే మన చెయ్యి రిమోట్ మీదికి పోతుంది. ఇక్కడే జాగ్రత్త. ఆ బాణం గుర్తు ఒకసారి నొక్కితే కథ పది సెకన్లే ముందుకు పోతుంది. మొదటి నొక్కుకి వాళ్ళు దగ్గరయ్యారు. రెండో నొక్కుకి ఇంకా దగ్గరయ్యారు. మూడో నొక్కుకి ఆ గుండ్రం తిరుగుడు మొదలై బొమ్మ అక్కడే అతుక్కుపోయింది. మన నెట్ సంగతి తెలిసిందే. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి మజ్జిగ గ్లాసుతో మా అమ్మ వచ్చి, 'ఏమైందిరా, ఆగిపోయింది?' అంటూ కళ్ళజోడు సర్దుకుంది. ముప్ఫై సెకన్లలో పోయేది మూడు నిమిషాలు గోడంత వేలాడింది. మా ఆవిడ హఠాత్తుగా లేచి కర్టెన్లు సర్దింది. మావాడు తల కూడా ఎత్తకుండా 'వదిలేయ్ నాన్నా, దానంతటదే పోతుంది' అన్నాడు. కాబట్టి అనుభవం మీద చెబుతున్నాను, రిమోట్ ముట్టుకోకండి. మంచినీళ్ళు తాగండి.

పాత సినిమా పెడితే గండం గడుస్తుందనుకుంటాం. 2013 సంక్రాంతికి వచ్చిన 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' పెట్టాను. శుభ్రమైన కథ, గోదావరి పల్లె, ప్రకాష్ రాజ్ నవ్వు. అమ్మ ప్రాణం లేచొచ్చింది. పావుగంటకి మా అమ్మాయి రెండో ఇయర్‌ఫోన్ కూడా తీసేసింది. మురిసిపోయాను.

"నాన్నా, ఈ అన్నదమ్ముల పేర్లేంటి?"

"పెద్దోడు, చిన్నోడు."

"అది కాదు. ఆధార్ కార్డు మీద ఏముంటుంది?"

నాకు నోట మాట రాలేదు. సినిమా మొత్తం వెతికినా ఆ పిలుపులే తప్ప అసలు పేర్లు వినపడవు. పదేళ్ళకి పైగా పండక్కీ పబ్బానికీ టీవీలో చూస్తూనే ఉన్నాం, ఒక్కరికీ ఈ అనుమానం రాలేదు. తర్వాత ఇద్దరికీ ఉద్యోగాలెందుకు లేవంది. ఆ ఇంటి ఖర్చు నెలకెంత, ఎవరు కడుతున్నారంది. ఈలోగా మావాడు వేగం ఒకటిన్నర రెట్లకి పెంచాడు. ఊరంతా పలకరిస్తూ నింపాదిగా నడిచే ప్రకాష్ రాజ్, మియాపూర్‌లో మెట్రో తప్పిపోతుందన్నట్టు పరుగందుకున్నాడు.

'బొమ్మరిల్లు' దగ్గర ఇంకో దెబ్బ. 2006లో ఆ సినిమా చూసినప్పుడు మేమంతా హీరో సిద్ధు పక్షం. చొక్కా రంగు నుంచి పెళ్ళికూతురి దాకా నాన్నే ఎంచుతాడు, పాపం కుర్రాడికి ఊపిరాడదు. కాలం మారింది కదా, పిల్లలు ఇంకా గట్టిగా సిద్ధువైపు ఉంటారనుకున్నాను. మావాడు ఆ ఇంటిని పైనుంచి కిందికి ఓసారి చూసి, 'వాడి ప్రాబ్లమ్ ఏంటి నాన్నా? ఇల్లుంది, కంపెనీ ఉంది, ఎంట్రన్స్ లేదు' అన్నాడు. ఉదయం ఆరింటికి కోచింగ్ క్లాసులో కూర్చునేవాడికి నాన్న చొక్కా కొనిపెట్టడం హింసలా కనబడదు కాబోలు. క్లైమాక్స్‌లో సిద్ధు కడుపులోదంతా కక్కేస్తుంటే నా గొంతు పూడుకుపోయింది. పిల్లలు నన్నే చూస్తున్నారు.

'కార్తీకదీపం' ఊసెత్తకపోవడం మంచిది. 2017లో మొదలై పదిహేనువందల ఎపిసోడ్లు దాటి నడిచిన ఆ సీరియల్లో, డాక్టరుగారు డీఎన్ఏ పరీక్ష చేయించుంటే ఒక్క వారంలో అయిపోయేదని మా అమ్మాయి అంది. 'అయిపోతే నేనేం చూడాలే?' అంది మా అమ్మ. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఇన్నిటిలోనూ మా ఇంట్లో నిలిచింది ఒక్కటే, 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన '90స్'. ఆరే ఎపిసోడ్లు కాబట్టి మావాడు ఒప్పుకున్నాడు. లెక్కల మాస్టారుగా శివాజీ, ఇంటిని లాక్కొచ్చే ఇల్లాలిగా వాసుకి, ముగ్గురు పిల్లలు, మార్కులు, ఉప్మా. ఉప్మా దగ్గర మావాడు మొదటిసారి తెర వైపు తిరిగి కూర్చున్నాడు. వాడికి అక్కడ తనలాంటి మనిషి దొరికాడు. మార్కుల గొడవ వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే వాడే ఆపి, నానమ్మ వైపు తిరిగాడు.

"నానమ్మా, తాతయ్య కూడా నాన్నని ఇలాగే తిట్టేవాడా?"

"ఛ, మీ తాతయ్య ఒక్క మాట అనేవారు కాదు. మార్కుల కాగితం చూసి, చొక్కా తొడుక్కుని, గుమ్మం దిగి వెళ్ళిపోయేవారు. ఇక రెండు గంటలు ఇంట్లో ఎవరూ అన్నం ముట్టేవాళ్ళు కాదు. మీ నాన్నయితే బిక్కచచ్చిపోయి మూల కూర్చునేవాడు."

"ఎక్కడికెళ్ళేవాడు?"

"ఎక్కడికీ లేదు. సందు చివర కొట్లో కూర్చుని టీ తాగి, పునుగులు తిని వచ్చేవారట. ఆ కొట్టువాడి పెళ్ళామే నాతో చెప్పింది."

ఆ రెండు గంటలు నాన్న ఏ చెరువు గట్టున తిరుగుతున్నాడో అని నేను నా చిన్నతనమంతా కుమిలిపోయాను. పునుగుల సంగతి ఇన్నేళ్ళకి, టీవీ ముందు, అందరితో పాటు తెలిసింది. పిల్లలిద్దరూ సోఫా మీద దొర్లి దొర్లి నవ్వారు. మిగతా ఎపిసోడ్ ఎవరూ చూడలేదు.

మొన్న మావాడి లెక్కల పేపరు వచ్చింది. యాభైకి పందొమ్మిది. ఏమీ అనకుండా కాగితం బల్ల మీద పెట్టి, వంకెనున్న చొక్కా తొడుక్కుని, చెప్పుల్లో కాలు పెట్టాను. లోపల్నించి వాడి కేక:

"నాన్నా, వచ్చేటప్పుడు నాకు ఉస్మానియా బిస్కెట్లు!"