పాత్రలన్నీ కల్పితం, మేనత్త మాత్రం నిజం

మన నవలలకు, కథల సంపుటాలకు అట్ట తిప్పగానే ఒక హామీపత్రం ఎదురొస్తుంది. ఇందులోని పాత్రలు, సంఘటనలు పూర్తిగా కల్పితమనీ, బతికున్నవారిని గానీ చనిపోయినవారిని గానీ ఉద్దేశించినవి కావనీ, ఎక్కడైనా పోలికలు కనిపిస్తే అది కేవలం యాదృచ్ఛికమనీ దాని సారాంశం. వెల, ప్రతుల సంఖ్య, ముఖచిత్రం ఎవరిది అన్న వివరాల కింద, కళ్లజోడు సవరించుకుంటే తప్ప కనబడనంత చిన్న అక్షరాల్లో ఉంటుంది. తెలుగు కాల్పనిక సాహిత్యంలో ఆ మూడు లైన్లను మించిన కల్పన నా కంటికి ఇంతవరకు తగల్లేదు.

హనుమకొండలో పుస్తకావిష్కరణలకు ఏనాడూ కరువు లేదు. 1904 నుంచీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం నిలబడ్డ ఊరు కదా, వినేవాళ్లు తక్కువైనా రాసేవాళ్లు తక్కువ కాలేదు. అలాంటి ఏ సభకైనా వెళ్లి, చివర్లో స్పందన కోసం మైకు అందుకున్న రచయిత ఏమంటాడో వినండి. ‘ఇందులో ఒక్క అక్షరం కూడా నేను కల్పించలేదు. నా ఊరు, నా మట్టి, నా మనుషులు. బతికిందే రాసిన.’ చప్పట్లు, శాలువా, మెమెంటో. రెండో పేజీలో పూర్తిగా కల్పితమైనది సభ రెండో గంటకల్లా పూర్తిగా నిజమైపోతుంది. వేదిక మీద ఎవరికీ అనుమానం రాదు. వాళ్లలో సగం మంది పుస్తకం చదవలేదు, చదివిన సగం మందికి వాళ్ల పుస్తకాల్లోనూ అదే హామీపత్రం ఉంది.

ఇక మారువేషాల ముచ్చట. రాసేది వరంగల్ గురించే, కానీ ఊరి పేరు ‘ఓరుపురం’. ఆ ఓరుపురంలో చెరువు గట్టున అమ్మవారి గుడి ఉంటుంది, భద్రకాళి అనరు. పక్కనే పెద్ద రైల్వే జంక్షన్ ఉంటుంది, కాజీపేట అనరు. రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయి స్తంభాల గుడి నవలలో ఐదువందల స్తంభాలతో నిలబడుతుంది. తక్కిన ఐదువందలూ పరువునష్టం భయానికి కూలిపోయినట్టున్నాయి. నవలలోకి వచ్చిన ప్రిన్సిపాల్‌కు ఉన్న మీసం తీసేసి, లేని కళ్లజోడు తగిలిస్తారు. రామారావు శ్యామారావవుతాడు. చౌరస్తాలో చాయ్ తాగేవాళ్లు మాత్రం పది నిమిషాల్లో తేల్చేస్తారు, ‘ఈ శ్యామారావు మన ఫలానా సారే గదా’ అని.

ఇంతకీ ఈ హామీపత్రం పుట్టింది తెలుగునేల మీద కాదు. 1932లో హాలీవుడ్‌లో మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థ రష్యా రాజకుటుంబం మీద, రాస్‌పుటిన్ మీద ఒక సినిమా తీసింది. 1916లో రాస్‌పుటిన్‌ను చంపినవాళ్లలో ఒకడైన యూసుపోవ్ అప్పటికి బతికే ఉన్నాడు. వాళ్లూ మనవాళ్లలాగే తెలివిగా పేర్లు మార్చారు. అయినా సినిమాలో నతాషా అనే రాకుమారి తన భార్య ఐరీనాయేనని జనం అనుకుంటున్నారంటూ ఆ దంపతులు కోర్టుకెక్కారు. చోద్యం చూడండి, తనను హంతకుడిగా చూపించారన్నది ఆ పెద్దమనిషి ఫిర్యాదు కాదు. ఆ పని చేశానని ఆయనే పుస్తకం రాసుకున్నాడు. రాస్‌పుటిన్ చేతిలో ఆ రాకుమారి శీలం పోయినట్టు చూపించారన్నది అసలు ఫిర్యాదు. 1934లో లండన్ కోర్టులో ఐరీనాకు 25,000 పౌండ్ల నష్టపరిహారం వచ్చింది. ఆ దెబ్బకు సినిమా కంపెనీలన్నీ ‘అంతా కల్పితం’ పాట అందుకున్నాయి. రాకుమారికి భయపడి పుట్టిన వాక్యం అన్నమాట. దాన్నే మనం ఓరుగల్లు పల్లె కథలకు తాయెత్తులా కట్టుకు తిరుగుతున్నాం.

నిజమైన మనుషుల్లోంచి కథలు తీయడం తప్పని నేను అనడం లేదు. తీయకపోతే మనకు సాహిత్యమే లేదు. గురజాడ 1897లో ‘కన్యాశుల్కం’ అచ్చు వేసినప్పుడు ముందుమాటలో దాపరికం లేకుండా లెక్క చెప్పాడు. విజయనగరం మహారాజు విశాఖ ప్రాంతంలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితా రాయిస్తే 1,034 తేలాయని రాశాడు. ఆ నాటకంలోని లుబ్ధావధానులు గాల్లోంచి ఊడిపడలేదని అంతకంటే సూటిగా ఎలా చెబుతారు? మన దగ్గరే, చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లో దొరను, కరణాన్ని నిలబెడితే, ఆ కాలంలో పల్లెల్లో బతికినవాళ్లకు వాళ్లెవరో ఎవరూ పరిచయం చేయాల్సిన పనిలేకపోయింది.

వరంగల్‌లో కూర్చుని ఈ మాట ఎత్తి నవీన్‌ను దాటిపోలేం. పాలకుర్తి దగ్గరి వావిలాలలో దొంగరి మల్లయ్యగా పుట్టిన ఆయన ఉస్మానియాలో చదువుకున్నారు. 1969లో వచ్చిన ‘అంపశయ్య’లో రవి అనే పల్లెటూరి కుర్రాడు అదే ఉస్మానియా హాస్టల్లో నిద్ర లేచి పదహారు గంటలపాటు తన బీదరికంతో, ఆడపిల్లల గురించిన ఆలోచనలతో, న్యూనతతో పెనుగులాడతాడు. చివరికి జనం నవల పేరునే రచయితకు ఇంటిపేరు చేశారు. ఇంటిపేరే అయ్యాక ఇక యాదృచ్ఛికమనే మాటకు చోటేది? ఒక్కటి గమనించండి. ఆ నవలలో అందరికంటే ఎక్కువగా బయటపడ్డది రచయితను పోలిన ఆ కుర్రాడే. ఎదుటివాళ్ల గుట్టు విప్పే ముందు తన గుట్టు విప్పుకున్నాడు.

ఇప్పటి మన వీరుల వరస వేరు. నాకు తెలిసిన ఒకాయన రాసిన కథలో ఒక ముసలామె ఉంది. ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంది, కుంటి మేకను సాదుకుంటుంది, మొగుడి చేతిలో రోజూ దెబ్బలు తింటుంది. పేరు కూడా మార్చలేదు. ఆమె ఆయన సొంత మేనత్త. చదువు రాదు కనుక ఇబ్బంది లేదనుకున్నాడు. డిగ్రీ చదివే మనవరాలు కథంతా చదివి వినిపించింది.

‘ఏంరా కొడుకా, కథల గా ముసల్ది నేనేనా?’

‘కాదత్తా, అది పాత్ర. కల్పితం.’

‘మరి నా కుంటి మేక అండ్లకెట్ల వడ్డది?’

‘యాదృచ్ఛికం అత్తా.’

‘గదేం చిక్కమో నాకెరుక లేదు గని, మీ మామ కొట్టిన సంగతి నీకు అన్నం పెట్టుకుంట చెప్పిన. రాయమని చెప్పిన్నా?’

‘నిన్ను అజరామరం చేసిన అత్తా!’

‘ఏం జేసినవో గని, కోడలు ముంగట తలెత్తకుంట జేసినవ్.’

అదే కథలో ఆ మేనత్త ఎకరం పొలాన్ని కబ్జా పెట్టిన మనిషి కూడా ఉన్నాడు. ఆయన గురించి కథ చెప్పేదల్లా ‘ఒక ప్రముఖుడు’ అని. కులం లేదు, పార్టీ లేదు, ఊరు లేదు, కారు రంగు కూడా లేదు. మేనత్త కాలు ఏ వైపు ఈడుస్తుందో రెండు పేజీలు వర్ణించిన కలానికి, కబ్జాదారు దగ్గరికొచ్చేసరికి సిరా అయిపోయింది. నా కోపమంతా ఇక్కడే. కోర్టుకు పోగలిగినవాడికి మారుపేరు, మారువేషం, మర్యాద. పోలేనిదానికి ఇంటి గుర్తులతో సహా అసలు పేరు. దీనికి ఆయన పెట్టిన పేరు ‘జీవితానుభవం’. పోనీ రాయల్టీలో మేనత్తకు వాటా ఇవ్వమందామంటే, పాపం ఆయనే సొంత డబ్బులతో అచ్చేయించాడు.

చట్టం దగ్గర కూడా ఈ తాయెత్తు పెద్దగా పనిచేయదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టం సంగతి చూస్తుంది. పోయినవాళ్లను నిందించినా, అది వాళ్ల కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో చేసినదైతే నేరమే. అట్ట లోపల మూడు లైన్లు అచ్చేసినంత మాత్రాన ఏ జడ్జీ పుస్తకం మూసేసి ఇంటికి పోడు.

సినిమా వాళ్లది ఇంకో దారి. 1924లో బ్రిటిష్ తూటాలకు పోయిన అల్లూరి, 1940లో నిజాం పోలీసుల తూటాలకు పోయిన కొమురం భీం 2022లో ‘ఆర్ఆర్ఆర్’ తెర మీద ప్రాణస్నేహితులయ్యారు. పేర్లు నిజం, మిగతాదంతా కల్పితం. అదే ఏడాది వచ్చిన ‘విరాటపర్వం’ తిరగేసి పట్టుకుంది. 1992లో నిజంగా ప్రాణం పోగొట్టుకున్న ఒక యువతి కథ అది. పేరు మార్చి వెన్నెల అన్నారు, కథ ఎక్కడిదో దాచలేదు, చిత్రబృందం ఆ కుటుంబాన్ని వెళ్లి కలిసింది. సినిమా మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. ఇంటి గడప తొక్కి మాట్లాడిన మర్యాదను మాత్రం మన కథకులు అరువు తెచ్చుకోవచ్చు.

పాఠకులకు ఒక మనవి. ఈసారి కథల పుస్తకం కొన్నప్పుడు ఆ చిన్న అక్షరాల దగ్గర ఆగకండి. లోపలికి వెళ్లి, రచయిత ఎవరి పేరు మార్చాడో, ఎవరి పేరు అలాగే ఉంచాడో చూడండి. ఆవిష్కరణ సభలో ఆయన చేతికి మైకు అందగానే లేచి నిలబడి, మీ మేనత్తను ఎందుకు పిలవలేదని అడగండి.