కంపెనీ గారికి సిగ్గేస్తోంది

2024 మార్చి 18, సోమవారం సుప్రీంకోర్టులో ఒక సుకుమారుడి గోడు వినిపించబోయి ఆగిపోయింది. ఎన్నికల బాండ్ల నంబర్లు బయటపెట్టొద్దంటూ పరిశ్రమల సంఘాలు ఫిక్కీ, అసోచామ్ తరఫున పెద్ద లాయరుగారు లేచారు. రహస్యంగా ఉంచుతామని చట్టం మాటిస్తేనే కదా మావాళ్లు చందాలిచ్చింది, ఇప్పుడు నలుగురిలో పేరు పెట్టి పిలిస్తే ఎలా అన్నది వారి బాధ. బాండ్లను కొట్టేస్తూ తీర్పు వచ్చాక తీరిగ్గా వచ్చి అడిగితే వినేది లేదని ప్రధాన న్యాయమూర్తి కూర్చోబెట్టేశారు. నాకైతే కళ్లు చెమర్చాయి. కంపెనీకి లాభం ఉంటుంది, నష్టం ఉంటుంది, టర్నోవరు ఉంటుందని తెలుసు. సిగ్గు కూడా ఉంటుందని ఆ వారమే తెలిసింది.

సిగ్గున్నవాణ్ణి మనిషి కాదనడానికి మనమెవరం? చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. ఆయన రిజిస్ట్రార్ ఆఫీసులో పుడతాడు. పాన్ కార్డు ఉంటుంది. ఆస్తి కొంటాడు, దావా వేస్తాడు, అప్పు చేస్తాడు. ఆ అప్పు పీకల దాకా వస్తే మనలా పురుగుల మందు డబ్బా వైపు చూడడు; దివాలా కేసులు చూసే ఎన్సీఎల్టీ అనే ఆస్పత్రిలో చేరతాడు. అక్కడ హెయిర్‌కట్, అంటే బాకీకి కోత, అని ఒక వైద్యం ఉంది. సెలూన్ కుర్చీలో తాను కూర్చుని, క్షవరం మాత్రం పక్కనున్న బ్యాంకుకు చేయించే మనిషి లోకంలో ఈయనొక్కడే.

ఇక దానగుణం. మన పెళ్లిళ్లలో నూట పదహార్లు చదివించినవాడు కూడా మైకు వైపు చెవి పెట్టుకుని కూర్చుంటాడు. ఇంటిపేరు తప్పు చదివితే అలిగి భోజనం చేయకుండా వెళ్లిపోతాడు. కంపెనీ గారికి ఆ యావ లేదు. 2019 ఏప్రిల్ 3న పట్నాలోని జేడీయూ ఆఫీసుకు ఎవరో వచ్చి, సీలు వేసిన కవరు ఒకటి చేతిలో పెట్టి వెళ్లిపోయారట. విప్పి చూస్తే కోటేసి రూపాయల బాండ్లు పది. ఇచ్చిందెవరో మాకు తెలియదని ఆ పార్టీ ఎన్నికల సంఘానికే రాసిచ్చింది. మా వీధికొచ్చే కొరియరు కుర్రాడు రెండొందల చెప్పుల జతకు ఓటీపీ చెప్పందే కదలడు. పది కోట్లు తెచ్చినవాణ్ణి అక్కడెవరూ 'ఏ ఊరు బాబూ, కాసిని మంచినీళ్లు తాగి వెళ్లు' అని కూడా అనలేదు.

ఆయన సిగ్గును ప్రభుత్వం ఎంత అపురూపంగా చూసుకుందో చెప్పాలి. మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతానికి మించి చందా ఇవ్వకూడదని ఒకప్పుడు హద్దు ఉండేది. 2017 ఫైనాన్స్ చట్టంతో దాన్ని ఎత్తేశారు. ఏ పార్టీకిచ్చాడో సొంత పద్దుల్లో కూడా రాయక్కర్లేదన్నారు. అంటే ఇంట్లోవాళ్లకు, అదే వాటాదారులకు, తెలియకుండా ఇచ్చుకునే వీలు కలిగింది. నష్టాల్లో ఉన్నవాడూ ఇవ్వగలిగాడు: పొయ్యిలో పిల్లి లేవకపోయినా కర్ణుడు కర్ణుడే. మూడేళ్లు నిండని కంపెనీ చందా ఇవ్వకూడదన్న నిబంధన మాత్రం అలాగే ఉంది. బయటపడ్డ బాండ్లు కొన్నవాళ్ల జాబితాలో చూస్తే పాలపళ్లైనా ఊడని పసివాళ్లూ కోట్లలో ఇచ్చారు. పెంపకం అంటే అదీ.

చందా అంటే డబ్బు కాదట, అభిప్రాయమట. ఓటు రహస్యమైనప్పుడు నోటు రహస్యం ఎందుకు కాకూడదని బాండ్లను సమర్థించేవారు వాదించారు కూడా. అమెరికా కంపెనీ గారు 2010లో అక్కడి సుప్రీంకోర్టుకెళ్లి ఎన్నికల వేళ టీవీలో అరిచే హక్కు తెచ్చుకున్నారు. మనాయన చెవిలో చెప్పే హక్కు కోరుకున్నాడు, పాపం మర్యాదస్తుడు. హైదరాబాదు మేఘా ఇంజనీరింగ్ గారు 966 కోట్ల మేరకు అభిప్రాయపడ్డారు. దేశంలో అంతకన్నా గట్టిగా అభిప్రాయపడినవారు ఒక్కరే, లాటరీల ఫ్యూచర్ గేమింగ్ వారు, 1,368 కోట్లు. ఇంతకీ మేఘా వారి అభిప్రాయం ఏమిటయ్యా అంటే: బీజేపీ రావాలి, తెలంగాణలో బీఆర్ఎస్ ఉండాలి, ఆంధ్రలో వైఎస్సార్సీపీ గెలవాలి, టీడీపీ కూడా గెలవాలి, తమిళనాట డీఎంకే చల్లగా ఉండాలి, కాంగ్రెస్ మాత్రం ఏం పాపం చేసింది. మన ఊళ్లలో అన్నదమ్ములు చెరో పార్టీ అయితే పెద్దకర్మకు కూడా ఒకే బంతిలో కూర్చోరు. ఈయన గుండె ఎంత విశాలమో!

ఇంతటి మనిషికి దేహం లేకపోవడమొక్కటే లోటు. ఆ లోటు డైరెక్టర్లు తీరుస్తుంటారు. 2022 నవంబరు 10న ఢిల్లీ మద్యం కేసులో అరబిందో ఫార్మా డైరెక్టరు ఒకరిని ఈడీ అరెస్టు చేసింది. 15వ తేదీన ఆ కంపెనీ అయిదు కోట్ల బాండ్లు కొన్నది. అవి బీజేపీ ఖాతాలో పడ్డాయి. ఆ తర్వాత డైరెక్టరుగారు అప్రూవరు అయ్యారు. నేనేమీ అనడం లేదు, క్యాలెండరు చూస్తున్నానంతే. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు పెద్దలు. ఎడమచేతికి బేడీలు పడినా కుడిచెయ్యి దానం మానకపోవడం మాత్రం వాళ్లు ఊహించి ఉండరు.

ఇంతకీ ఈ సిగ్గు ఎవరి ముందు? ఇచ్చినవాడికి తెలుసు. పుచ్చుకున్నవాడికి తెలుసు. అమ్మింది ప్రభుత్వ బ్యాంకు. పేరు లేని ఆ కాగితం మీద మామూలు కంటికి కనపడని నంబరొకటి ముద్రించారు, అతినీలలోహిత కాంతిలో పెడితే కనపడుతుంది. ఏమీ తెలియనిది ఓటేసేవాడికి. పార్టీలకు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసుకునే హక్కు పౌరులకు లేదని 2023 అక్టోబరులో అటార్నీ జనరల్ కోర్టుకు రాసిచ్చారు. కంపెనీ ఇచ్చే చందా అచ్చంగా వ్యాపార లావాదేవీ అని, ప్రతిఫలం ఆశించే ఇస్తుందని అయిదుగురు జడ్జీలు 2024 ఫిబ్రవరి 15న తేల్చి చెప్పాక కూడా, ఇంకా గోప్యత అన్నారు!

గోప్యతట. ఉపాధి హామీలో మట్టి తవ్వే ఆడమనిషి పేరు, జాబ్ కార్డు నంబరు, ఏ వారం ఎన్ని రోజులు పనికొచ్చింది, ఎంత కూలి పడింది, అన్నీ వెబ్‌సైట్లో ఉంటాయి. దేశంలో ఎవడైనా చూడొచ్చు. రోజుకు రెండుసార్లు ఎండలో నిలబెట్టి ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తారు. సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే హాజరు లేదు, కూలీ లేదు. ఆ కూలి 2023-24లో మన దగ్గర రోజుకు 272 రూపాయలు. ప్రజల డబ్బు కదా, లెక్క ఉండాలంటారు. మరి ప్రాజెక్టులకూ సొరంగాలకూ పాస్ చేసే బిల్లులు ఎవడబ్బ సొమ్ము? ఆమె తరఫున, ఆమె ముఖం దాచమని, ఏ పెద్ద లాయరు ఏ కోర్టులో లేచాడు?

పైగా బాండ్ల జాబితా అంతా వచ్చేసిందని సంబరపడ్డాం. రాలేదు. అది మొదలయ్యేది 2019 ఏప్రిల్ 12 నుంచి. అంతకుముందు ఏడాదికి పైగా అమ్మిన సుమారు 4,000 కోట్ల బాండ్లు ఎవరు కొన్నారో చెప్పించమని ఒకరు అడిగితే, అదే సోమవారం కోర్టు కాదంది. ఆంధ్రప్రదేశ్‌లో జనం క్యూలు కట్టి ఓటేసింది ఏప్రిల్ 11న. తెలంగాణ అసెంబ్లీకి అంతకు నాలుగు నెలల ముందు. ఆ రెండు ఎన్నికల్లో మన నెత్తిన ఎవడెవడు ఎంతెంత పెట్టుబడి పెట్టాడో అయిదేళ్లు దాటినా మనకు తెలియదు. పెట్టినవాళ్లు ఈపాటికి అసలూ వడ్డీ రాబట్టుకునే ఉంటారు. 2024 మే 13న మళ్లీ పోలింగు జరిగింది. అప్పటికి బాండ్లు లేవు, కవర్లు ఉన్నాయి.