ఉల్లిగడ్డకు యుద్ధకత్తి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక. మూలం లేనిదే వ్యాఖ్యానం లేదు. కొండెక్కి, ఒక రాత్రి గుడారంలో పడుకుని, మర్నాడు దిగివచ్చే మనిషి ఎలాంటి కత్తి కొనాలన్న విషయం మీద ప్రాచీన పద్యం కోసం వెతికే ఓపిక లేని వ్యాఖ్యాత, తానే ఒకటి అల్లుకుని తానే భాష్యం చెప్పుకుంటున్నాడు. మూలకర్త ఎదురు తిరగడన్న ధీమా ఇందులో ఉంది.

బెత్తె డలుగు చాలు, పిడి చేయి నిండాలి,
వెన్ను పలుచనైన వేగ కోయు,
తడికి తుప్పు పట్టు, దాచకు తుడవక,
ఉల్లిగడ్డ కేల యుద్ధకత్తి?

ప్రతిపదార్థం. బెత్తెడు = నాలుగు వేళ్ల వెడల్పంత పొడవు గల; అలుగు = కత్తిలో కోసే భాగం; చాలు = దుకాణదారు ఏమన్నా సరే, చాలు; పిడి = పట్టుకునే చోటు; చేయి నిండాలి = చిటికెనవేలు గాలిలో మిగలకూడదు; వెన్ను = వాదరకు ఎదుటి అంచు; పలుచనైన = రెండున్నర, మూడు మిల్లీమీటర్లకు మించకపోతే; వేగ = త్వరగా; కోయు = కోస్తుంది (చీల్చదు అని భావం); తడికి తుప్పు పట్టు = వివరణ అక్కర్లేదు; తుడవక దాచకు = ఒరలో పెట్టే ముందు తుడువు; ఉల్లిగడ్డకు = వంటకు; యుద్ధకత్తి ఏల = సినిమాలో చూసింది ఎందుకు?

పాఠాంతరం. కోస్తా ప్రతుల్లో ‘ఉల్లిపాయ కేల’ అని ఉంది. గణాలు అక్కడా సరిపోతాయి, కన్నీళ్లూ అంతే. ‘యుద్ధకత్తి’ వైరిసమాసం కదా అని వ్యాకర్తలు ఆక్షేపించవచ్చు. వంటసామాను పక్కన యుద్ధం చేరడమే వైరం కనుక సమాసం విషయానికి తగినట్టే ఉంది.

తాత్పర్యం. ఓ పాదచారీ! నీవు అడవిలో పులితో తలపడబోవడం లేదు. తాడు కోస్తావు, బిస్కెట్ పొట్లం విప్పుతావు, ఉల్లి తరుగుతావు. ఆ పనికి తగిన కత్తి కొను.

ఇక విశేషాలు. ‘బెత్తెడు’ అన్నది కవి ప్రాస కోసం వేసిన కొలత కాదు, ఆటవెలదిలో ప్రాసనియమమే లేదు. కెనడాలో అడవి విద్యలు నేర్పిన మోర్స్ కొచాన్‌స్కీ 1987 నాటి తన పుస్తకంలో సరిగ్గా ఈ కొలతే చెప్పాడు: అలుగు అరచేతి వెడల్పంత ఉండాలి, దానికి ఒకటిన్నర రెట్ల వరకూ ఫరవాలేదు. ఆయన శిష్యులకు సిఫారసు చేసినవి స్వీడన్‌లోని మోరా పట్టణపు చవక కత్తులు. 1891 నాటి కంపెనీ ఒకటి అక్కడ ఈ పని మీదే ఉంది. అక్కడి ‘కంపానియన్’ రకం అలుగు 104 మిల్లీమీటర్లు, వెన్ను రెండున్నర మిల్లీమీటర్లు. పిడి ప్లాస్టిక్, ఒర ప్లాస్టిక్, చూడ్డానికి వడ్రంగి పెట్టెలోంచి జారిపడ్డట్టు ఉంటుంది. పద్యలక్షణాలన్నిటికీ లక్ష్యం ఇదే.

పూర్వపక్షి ఇక్కడ లేచి అడుగుతాడు: అలుగులోని ఉక్కు దాని పిడి చివరిదాకా రాదట కదా, బలం ఏముంది?

సమాధానం. కత్తి వెన్ను మీద కర్రతో కొట్టి మొద్దులు చీల్చేవాడికి పిడి చివరిదాకా ఉక్కు కావాలి. అతని కోసం అదే ఊరు ‘గార్‌బర్గ్’ చేస్తోంది, వెన్ను 3.2 మిల్లీమీటర్లు. కానీ మన రిజర్వు అడవుల్లో చెట్టు నరకడం, నిప్పు పెట్టడం నేరాలు. గ్యాస్ స్టవ్ మీద ఉప్మా చేసుకునేవాడు మొద్దులు చీల్చడం దేనికి?

మందపు కత్తి దోషం ఇంకొకటుంది. అయిదు మిల్లీమీటర్ల వెన్నున్న కత్తిని క్యారెట్ మీద నొక్కితే ముక్క తెగదు, పగులుతుంది. వాదర లోపలికి దిగేలోపే వెనకనున్న లావు రెండు పక్కలా తోస్తుంది. మోరా కత్తికి కూడా ఈ కొరత కొద్దిగా ఉంది. దాని అలుగుకు ఇరువైపులా ఒకే వెడల్పాటి వాలు తీస్తారు, ఆ వాలు మొదలయ్యే భుజం దగ్గర గట్టి కూరగాయ చిట్లుతుంది. ప్రతిఫలంగా సాన పట్టడం సులువు: వాలును రాతి మీద పరిచి తోయడమే, కోణం లెక్కలు అక్కర్లేదు. అడవిలో పుల్లలు చెక్కే పనికన్నా వంట ఎక్కువైతే, వెన్ను నుంచి వాదర దాకా చదునుగా సన్నబడే అలుగు మేలు.

‘యుద్ధకత్తి’ మీద పూర్వపక్షి మళ్లీ వాదిస్తాడు: సైనికులు పెద్ద కత్తులే వాడతారు కదా! వాడతారు. 1942లో అమెరికన్ మెరైన్లు తీసుకున్న కా-బార్ అలుగు ఏడంగుళాలు. అయితే 1995 నుంచి స్వీడన్ యుద్ధవిమాన చోదకులకిచ్చే ఫాల్‌క్నివెన్ ఎఫ్1 అలుగు 97 మిల్లీమీటర్లే, నాలుగంగుళాలకు తక్కువ. మంచులో కూలిన మనిషికి చాలినది అనంతగిరి కొండల్లో ఆదివారం గడిపేవాడికి చాలదా? 1982లో ‘ఫస్ట్ బ్లడ్’ సినిమా వచ్చాక బోలు పిడి, వెన్ను మీద రంపపు పళ్లు ఫ్యాషనయ్యాయి. ఆ పళ్ల మీద బొటనవేలు ఆనించి పని చేసేవాడికి రెండో నిమిషంలోనే జ్ఞానోదయమవుతుంది. ఈ జబ్బు హాలీవుడ్ కన్నా పాతది. ‘నెస్మక్’ అన్న కలంపేరుతో రాసిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్ 1884లోనే, అంగట్లో అమ్మే వేటకత్తులు మొద్దువనీ, భయపెట్టడానికి తప్ప పనికి రావనీ వెక్కిరించాడు.

శంక. కవి మడవని కత్తినే కోరాడని ఏమిటి ఆధారం? పద్యంలో ఆ మాటే లేదే! సమాధానం: ‘తుడవక’ అన్న పదం వల్ల సిద్ధిస్తుంది. మడతకత్తి కీలులో చేరిన ఉల్లిరసం, ఇసుక ఏ గుడ్డకూ అందవు. మడవని కత్తిని నీళ్లతో కడిగి ఒక్కసారి తుడిస్తే అయిపోయింది. వ్యాఖ్యాత మొండివాదం చేస్తున్నాడని అనిపించినా విషయం నిజం.

‘తుప్పు’ దగ్గర ఉక్కులో రెండు జాతులు. స్టెయిన్‌లెస్ ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది. కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది, కానీ మామిడికాయ, నిమ్మకాయ కోస్తే గంటలోపే మచ్చలు పడుతుంది, వానాకాలం అరకులో రాత్రికి రాత్రి ఎర్రబడుతుంది. స్వస్థలాభిమానం గల వ్యాఖ్యాత ఇక్కడ నిజామాబాద్ జిల్లా కోనసముద్రాన్ని తలవకుండా ఉండలేడు. అక్కడి మూసల్లో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ మహత్తర ఉక్కులోనూ క్రోమియం లేదు, తుడవకపోతే దానికీ తుప్పే. కొత్తవాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోవడం మంచిది. తోలు ఒర అందంగా ఉంటుంది కానీ తడి పీల్చి పట్టుకుంటుంది. అడుగున రంధ్రమున్న ప్లాస్టిక్ ఒర మేలు. దాన్ని తలకిందులు చేసి విదిలించినా కత్తి జారకూడదు. పిడి రంగు నారింజో ఎరుపో అయితే గడ్డిలో పడినా కనబడుతుంది; ఆకుపచ్చ పిడి కొన్నవాడు కత్తిని అడవికి దానం చేసినట్టే.

చట్టం దృష్టిలో కొలత వేరు. 1959 ఆయుధాల చట్టం కింది నిబంధనలు, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి వంటివి మినహాయించి, 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటిన అలుగులను పట్టించుకుంటాయి. 9 అంగుళాలంటే మన జానెడు. బెత్తెడు కత్తివాడు ఆ గీతకు చాలా ఇవతలే ఉంటాడు. బ్రిటన్‌లో కొండలెక్కే తెలుగువాళ్లకు మాత్రం ఈ ధీమా చెల్లదు. అక్కడి 1988 చట్టం మూడంగుళాల లోపు మడతకత్తికే మినహాయింపు ఇస్తుంది. మడవని కత్తి ఎంత చిన్నదైనా, బహిరంగ స్థలంలో వెంట ఉంచుకోవడానికి సరైన కారణం చూపాలి.

ఫలశ్రుతి. కత్తిని ఒరతో సహా చొక్కాలో చుట్టి చెక్-ఇన్ పెట్టెలో వేసినవాడికి అది అవతలి ఊరి దాకా తోడొస్తుంది. మరచిపోయి చేతిసంచిలో వేసుకున్నవాడు విమానాశ్రయపు తనిఖీ దగ్గరే దాన్ని వదిలి, కొండ మీద ఉల్లిగడ్డను పిడికిలితో పగలగొట్టుకుని తింటాడు.