కరకమలములచే: ఒక శిలాఫలక వ్యాఖ్య

మూలం: “గౌరవనీయులైన ముఖ్యమంత్రివర్యుల కరకమలములచే శంకుస్థాపన గావించబడినది. త్వరలో ప్రజలకు అంకితము.”

అవతారిక: ఈ పాఠం ఫలానా రాయి మీదిది కాదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే దారిలోనైనా, మరే దారిలోనైనా కంపచెట్ల మధ్య నిలబడిన రాళ్లన్నిటి ఉమ్మడి సారం. బేతంచెర్ల నాపరాయి పుట్టిన జిల్లాలో రాతికి కరువు లేదు. చెక్కేవాళ్లకూ లేదు, ఆళ్లగడ్డ శిల్పుల ఉలి పేరు పొందిందే. అయితే అక్కడ దేవతా విగ్రహానికి కళ్లు తెరిపించేది చిట్టచివర. శిలాఫలకానిది తలకిందుల శాస్త్రం, ముందు తెర తీస్తారు, ఒళ్లు తర్వాత చెక్కుతారు. కావ్యాలకు మల్లే దీనికీ వ్యాఖ్యాత కావాలి, ఆ పని విలేకరిది. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్న కొలాచలం మల్లినాథుడే అతనికి గురువు.

టీక: కరకమలములచే = తామరల వంటి చేతులతో. ‘చే’ తృతీయా విభక్తి. ఇక్కడ చేతులు పనిముట్లా, పని చేసినవా అని వైయాకరణులు తగవులాడుకోవచ్చు. చేతులే కర్తలని ఒప్పుకుంటే మిగతా శరీరానికి పూచీ ఉండదు, పాలకులకు అదే అనుకూలం. శంకుస్థాపన = శంకువును నాటడం. శంకువంటే మేకు. గావించబడినది = కర్మణి ప్రయోగం. ఏం జరిగింది? మేకు నాటడం జరిగింది. ఈ వాక్యంలో అబద్ధం వెతికేవాడు అలసిపోతాడు, ఎందుకంటే లేదు. ప్రభుత్వాలు ఏర్పాటు చేసే వార్తల్లో మోసం ఎప్పుడూ చెప్పిన మాటలో ఉండదు, చెప్పకుండా వదిలేసిన మాటలో ఉంటుంది. వదిలేసిన మాటను తెచ్చి అన్వయం కుదర్చడాన్ని మన వ్యాఖ్యాతలు అధ్యాహారం అన్నారు. మంచి విలేకరి చేసేదీ అదే. దానికి రహస్య పత్రాలు అక్కర్లేదు, తేదీలు చాలు.

ఉదాహరణకు నంద్యాల లోక్‌సభ స్థానం పరిధిలోనే ఉన్న ఓర్వకల్లు విమానాశ్రయం. 2017 జూన్‌లో చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు, 2019 జనవరి 8న ఆయనే ప్రారంభించారు. రెండు నెలలకు ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ప్రయాణికుల విమానం మాత్రం రాలేదు. 2021 మార్చి 25న జగన్మోహన్ రెడ్డి మళ్లీ ప్రారంభించి, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. మార్చి 28న ఇండిగో ఎగిరింది. మొదటి ప్రారంభంలో అబద్ధముందా? లేదు, రన్‌వే ఉంది. లేనిది పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ లైసెన్సు, అది 2021లో గానీ చేతికి రాలేదు. ఆ జనవరి 8న విలేకరి అడగాల్సిన ప్రశ్న ఒకటే: టికెట్ ఎక్కడ కొనాలి? పక్కనున్న కడప జిల్లా ఉక్కు ఫ్యాక్టరీది ఇంకా పెద్ద గ్రంథం. 2007లో వైఎస్ రాజశేఖర రెడ్డి హయాంలో బ్రహ్మణి స్టీల్స్ పేరుతో, 2018 డిసెంబరు 27న చంద్రబాబు చేత కంబాలదిన్నె దగ్గర, 2019 డిసెంబరు 23న జగన్ చేత సున్నపురాళ్లపల్లెలో, 2023 ఫిబ్రవరి 15న జిందాల్‌తో కలిసి మళ్లీ అక్కడే. ఒక్క ఫ్యాక్టరీకి నాలుగు మేకులు. ప్రతి సభా పత్రికల మొదటి పేజీకి వార్తే, నాలుగు తేదీలనూ ఒక్క పేజీలో వరసగా వేస్తేనే అసలు వార్త.

ఈ విద్య మనదొక్కటే కాదు. 2007 అక్టోబరు 23న కాలిఫోర్నియా కార్చిచ్చుల మీద అమెరికా విపత్తుల సంస్థ ఫెమా విలేకరుల సమావేశం పెట్టింది. కబురు పావుగంట ముందు అందితే ఎవరు రాగలరు? ఫోను లైను ఇచ్చారు గానీ, అది వినడానికే. గదిలో ప్రశ్నలు వేసింది ఆ సంస్థ ఉద్యోగులు. ప్రశ్నలడిగింది ఎవరన్న సంగతిని మూడు రోజులకు వాషింగ్టన్ పోస్టులో అల్ కామెన్ బయటపెట్టాడు. అక్కడ దాచింది కర్తను, ఇక్కడ దాచేది క్రియను.

పూర్వపక్షం: శంకుస్థాపన సంకల్పం వంటిది, సంకల్పం చెప్పకుండా ఏ పూజా మొదలవదు. ముఖ్యమంత్రి తేదీ ఇస్తేనే ఫైలు కదులుతుంది, కాంట్రాక్టరు కదులుతాడు. సగం ఒప్పుకోవాలి. ఓర్వకల్లులో ఏడాదిన్నరకు రన్‌వే వచ్చిందంటే ఆ తేదీల ఒత్తిడికి పాలు ఉండే ఉంటుంది. 2017 ఆగస్టులో నంద్యాల ఉప ఎన్నికకు ముందు పట్టణంలో పనుల సందడి చూసి అంతా నాటకమేనని తీర్పు చెప్పడమూ సోమరితనమే, ఎన్నికల కోసం వేసిన రోడ్డు మీదా బండి నడుస్తుంది. కానీ సంకల్పంలో పురోహితుడు ఊరు, తిథి, గోత్రం, చేయబోయే పని పూర్తిగా చెప్పిస్తాడు, ఫలం అప్పుడే దక్కిందని మాత్రం చెప్పించడు. రాతి మీద మంజూరైన సొమ్ము, పూర్తి చేయాల్సిన గడువు, రావాల్సిన అనుమతులు కూడా చెక్కితే మాకు పేచీ లేదు. వేదిక మీది పేర్లకు పదిహేను వరసలు దొరికిన రాతిలో ఇంకో మూడు వరసలకు చోటుండదా?

ఇంకో ఆక్షేపణ మరింత పదునైనది. వ్యాఖ్యాతలే పక్షపాతులు కదా? సాక్షి జగన్ కుటుంబానిది, ఈనాడు, ఆంధ్రజ్యోతి తెలుగుదేశం వైపని వైసీపీ వాదన. ఒకరు 2018 మేకును చూస్తే ఇంకొకరు 2019 మేకును చూస్తారు. నిజమే, అయినా శత్రువంత శ్రద్ధగా మూలాన్ని చదివేవాడు ఉండడు. ఒకే సూత్రాలకు అద్వైతులూ ద్వైతులూ భాష్యం రాయలేదా? భాష్యాలు కొట్లాడుకున్నా సూత్రం మారలేదు. ఇక్కడా అభిప్రాయాలు పోట్లాడుకుంటాయి, తేదీలు పోట్లాడుకోవు. టీకొట్టులో రెండు పత్రికలూ తిరగేసే పాఠకుడికి నాలుగు మేకులూ దొరుకుతాయి. నష్టమల్లా మరోచోట ఉంది. తన పార్టీ గెలిచిన ఐదేళ్లూ మౌనవ్రతం పట్టిన వ్యాఖ్యాతకు ఆ తర్వాత కంపచెట్లలోని రాయి హఠాత్తుగా కనిపిస్తుంది. ఆ రాయి అప్పటిదాకా అక్కడే ఉంది, మేకలకూ తెలుసు.

శేషం: ‘త్వరలో’ అన్న పదం మిగిలిపోయింది. అది అవ్యయం. లింగ, వచన, విభక్తుల వల్ల మారనిదని వ్యాకరణ శాస్త్రం అర్థం. వ్యయం లేనిదని ఆర్థిక శాఖ అర్థం.