కాంటాకెక్కని కాలం

గోదావరిఖని బొగ్గు లారీకి కాంటా దగ్గర ఇచ్చే చీటీలో రెండు బరువులుంటాయి, రెండు వేళలుంటాయి. ఖాళీ లారీ ఎక్కినప్పటిది ఒకటి, నిండు లారీ ఎక్కినప్పటిది ఇంకొకటి. పెద్ద బరువులోంచి చిన్నది తీసేస్తే బొగ్గెంతో తేలుతుంది. వేళల తీసివేత జోలికి ఎవరూ పోరు. పోయినా తేలేది గేటు లోపలి సంగతే. లారీ బయట లైనులో చేరినప్పటి నుంచి మొదటిసారి కాంటా ఎక్కేదాకా గడిచిన కాలం ఏ చీటీలోనూ ఉండదు. ఆ కాలంలోనే డ్రైవరు అన్నం వండుకుంటాడు, క్లీనరు ఒక నిద్ర తీస్తాడు. ముందున్న లారీ ఒక బండి దూరం జరిగితే, సగం ఉడికిన అన్నం కూడా గిన్నెతో సహా ఒక బండి దూరం జరుగుతుంది. దస్త్రాల ప్రకారం ఇదేదీ జరగలేదు.

లెక్కల విషయంలో ఈ బొగ్గు తీసే సింగరేణికి బద్ధకం అంటగట్టడానికి లేదు. 1920 డిసెంబరు 23 నుంచి ఈ పేరుతో నడుస్తున్న కంపెనీ అది. బాయి దిగే మనిషికి మస్టరు పడాలి, ల్యాంపు రూంలో దీపం లెక్క తేలాలి. లైనులో ఉన్న మనిషికే మస్టరు లేదు. అయితే బొగ్గంతా ఇలా నిలబడుతుందనుకోకూడదు. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రానికి దాని సొంత రైలు మార్గంలో బొగ్గు దర్జాగా పోతుంది. వంటా వార్పూ రోడ్డు బొగ్గుకే.

ఇక్కడి నుంచి మహారాష్ట్ర పోయే లారీకి రెండో లైను రాష్ట్ర సరిహద్దులో ఉండేది. మంచిర్యాల, ఆసిఫాబాద్ దాటి చంద్రాపూర్ దారిలో వాంకిడి దగ్గర చెక్‌పోస్టు. అలాంటి చోట రిజిస్టరులో పడే వేళ బండి కిటికీ దగ్గరికి చేరినది, తోక దగ్గర చేరినది కాదు. "ఇంకెంతసేపయితదే అన్నా?" అని అడిగితే "అయితది తమ్మీ" అనేదే అక్కడికక్కడ దొరికే సమాచారం.

అంతకు మించి కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టం సింగరేణికీ వర్తిస్తుంది. ఆ కంపెనీలో 51 శాతం వాటా రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. రుసుము పది రూపాయలు. పోస్టల్ ఆర్డర్ తీయాలంటే పోస్టాఫీసులో నిలబడాల్సిన లైను ఇందులో కలవదు. సమాచారం ఎందుకని దరఖాస్తుదారుణ్ని అడగకూడదని ఆరో సెక్షను చెబుతుంది. మరి ముఖంలో కనిపించే కుతూహలం సంగతేమిటో చట్టం చెప్పలేదు.

కిటుకంతా ప్రశ్నలో ఉంది. "లారీలు సగటున ఎంతసేపు ఆగుతున్నాయి?" అని రాస్తే "అట్టి సమాచారం ఈ కార్యాలయమున లేదు" అని జవాబొస్తుంది, అది నిజం కూడా. లేని లెక్కను దరఖాస్తుదారు కోసం కొత్తగా కట్టి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ జవాబు పత్రాల కేసులో తేల్చింది. కాబట్టి లెక్క అడగకూడదు, కాగితం అడగాలి: ఫలానా వారం గేటు రిజిస్టరు నకలు, కాంటా కంప్యూటరులో నమోదైన వేళలు. లాగ్‌బుక్కులు, కంప్యూటర్లోని వివరాలు సమాచారమేనని చట్టం పేరుపెట్టి మరీ చెప్పింది. కూడికలు, తీసివేతలు ఇంటి దగ్గర చేసుకోవచ్చు. రిజిస్టరు పక్కన కూర్చుని స్వయంగా చూసుకునే హక్కూ ఉంది.

బఫెలో దగ్గర వంతెన దాటి కెనడా వైపు నయాగరా చూడబోయే తెలుగు పిల్లలకు ఈ తంటా లేదు. తిరిగొచ్చేటప్పుడు ఏ వంతెన దగ్గర ఎన్ని నిమిషాలు పడుతుందో అమెరికా కస్టమ్స్ వాళ్లే ఎవరూ అడక్కుండా ఫోనులో చూపిస్తారు. అడగకముందే చెప్పాల్సినవి మన చట్టంలోనూ ఉన్నాయి, నాలుగో సెక్షనులో. దాన్ని చదివించాలంటే ఆరో సెక్షను కింద దరఖాస్తు పెట్టాల్సి వస్తుంది.

ఇక నిరీక్షణ గురించి అడిగినవాడి నిరీక్షణ. జవాబుకు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు, దానికి 30 రోజులు, సాగదీస్తే 45. ఆపైన 90 రోజుల్లోగా సమాచార కమిషనుకు రెండో అప్పీలు చేసుకోవాలి. కమిషన్ ఎన్నాళ్లలో తేల్చాలో చట్టం గడువు పెట్టలేదు. తెలంగాణ కమిషన్లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేరు. అప్పీళ్లు మాత్రం క్రమశిక్షణగా నిలబడ్డాయి. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల జరిమానా, 25,000 దాటకుండా. అంటే నూరో రోజు తర్వాత ఆలస్యం ఉచితం.

సరిహద్దు లైన్ల విషయంలో ప్రభుత్వం మరో దారి కూడా పట్టింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. 2025 అక్టోబరులో రాష్ట్రంలోని రవాణా శాఖ చెక్‌పోస్టులనూ ఎత్తేశారు. ఎంతసేపు ఆపారో చెప్పడం కన్నా ఆపడం మానేయడమే తేలికని తేలింది. పాత రిజిస్టర్లు కావాలంటే రవాణా శాఖనే అడగాలి. భద్రపరిచే గడువు తీరిన కాగితాలను శాఖలు నిబంధన ప్రకారమే తీసేస్తుంటాయి కనుక, అడగదలచుకున్నవాళ్లు ఇందులో మాత్రం ఆగకుండా ఉండటం మేలు.