కొండకి ఏం వేసుకెళ్లాలి? అన్ని కాలాలకూ పనికొచ్చే చిట్కాలు

ట్రెక్కింగుకి తగిన బట్టలు వేసుకెళ్తే వచ్చే నష్టం ఒక్కటే: కొండ మొత్తం ఎక్కాల్సి వస్తుంది. ఒంటికి చలి లేదు, కాలికి బొబ్బ లేదు, నెత్తిన వాన పడలేదు. ఇంక ఏం చెప్పి మధ్యలో కూలబడతారు? మలావత్ పూర్ణనే చూడండి. భువనగిరి కోట బండల మీద శిక్షణ తీసుకుని, ఆ ఎత్తుకి ఏం తొడుక్కోవాలో అదే తొడుక్కుని వెళ్లింది. ఫలితం? 2014 మే 25న, పదమూడేళ్లకే, ఎవరెస్టు శిఖరం దాకా వెళ్లక తప్పలేదు. అలాంటి కష్టం మీకు రాకూడదు. కింద చెప్పినవి వరసగా పాటించండి. కొండ కింద టీకొట్టు బల్ల మీద మీకు చోటు, పక్కవాడి భుజం మీద మీ బ్యాగుకి చోటు, రెండూ ఖాయం.

1. బయల్దేరే ముందు వాతావరణం చూడకండి.

కింద ఎండగా ఉంటే పైనా ఎండే అనుకోండి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్కలు చెప్పే మేధావి ప్రతి బృందంలోనూ ఒకడుంటాడు. వాడి లెక్క ప్రకారం నడక మొదలయ్యే గౌరీకుండ్ ఎత్తు రెండువేల మీటర్లకి కాస్త తక్కువ, కేదార్‌నాథ్ 3,583 మీటర్లు, కాబట్టి కింద నుంచి పైకి చేరేసరికి పది డిగ్రీలు పడిపోవాలి. గాలి వీస్తే ఇంకా ఎక్కువ. అది వాడి లెక్క. మీ లెక్క వేరు: మే నెల, హైదరాబాదులో రైలెక్కినప్పుడు చెమటలు కారాయి, కాబట్టి పొట్టిచేతుల చొక్కా. పైన అనాల్సిన మాట మాత్రం ముందే కంఠస్థం చేసుకోండి. "ఇంత చలి ఉంటుందని ఒక్కడూ చెప్పలేదే!" చెప్పినవాడు పక్కనే ఉన్నా గొంతు తగ్గించొద్దు.

2. జీన్సు తప్ప మరొకటి వేసుకోకండి.

ఈ ఒక్క చిట్కా పాటిస్తే మిగతావి చదవకపోయినా ఫరవాలేదు. జీన్సు బిగుతుగా ఉండాలి. ఎత్తయిన రాయి మీద కాలు వేయబోతే మోకాలి దగ్గర గుడ్డ "ఊహూఁ" అనాలి. అసలు గుణం వానలో బయటపడుతుంది. నూలుగుడ్డ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, కాళ్లకి అతుక్కుపోతుంది. రాత్రంతా టెంటు తాడు మీద ఆరేసినా తెల్లారి చెయ్యి పెట్టి చూడండి: నడుంపట్టీ, జేబుల అడుగు, కుట్లు కలిసిన చోటు ఇంకా చెమ్మగానే ఉంటాయి. గాలికన్నా నీరు సుమారు పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుందట. ఎంత పనిమంతురాలో చూడండి. అదే పల్చటి పాలిస్టరు ప్యాంటు అయితే కాస్త గాలికే ఆరిపోతుంది, మీ కథ అక్కడితో సరి. తడి జీన్సు మూడు రోజులు కథ నడుపుతుంది.

తడిసిన గంటకల్లా తొడలు ఒరుసుకోవడం మొదలవుతుంది. కాళ్లు ఎడంగా వేసి నడవాల్సి వస్తుంది. ఆ నడక చూసిన గైడు తనంతట తనే గుర్రంవాణ్ని కేకేస్తాడు. గుర్రం దొరక్కపోతే వీపు మీద బుట్టలో కూర్చోబెట్టి మోసుకెళ్లే కండివాళ్లుంటారు. డబ్బులెవరిస్తారన్న ప్రశ్న ఆ క్షణంలో ఎవరికీ తట్టదు. మీరూ గుర్తుచేయకండి.

అన్నట్టు, రెండో జత తీసుకెళ్లకండి. తీసుకెళ్తే మార్చుకోమంటారు.

3. పొరలు పొరలుగా వేసుకోమనేవాళ్ల మాట చెవిన పెట్టకండి.

లోపల చెమటని పీల్చి బయటికి పంపే పల్చటి బనీను, దాని మీద ఉన్నిదో ఫ్లీసుదో ఒకటి, అన్నిటికన్నా పైన గాలీ వానా ఆపే జాకెట్టు. ఎక్కుతున్నప్పుడు ఒకటి విప్పాలట, ఆగగానే తొడుక్కోవాలట. కొండెక్కడానికి వచ్చామా, బట్టల కొట్లో గుమాస్తా పనికొచ్చామా? ఇంట్లో ఉన్నవాటిల్లోకెల్లా లావుపాటి జాకెట్టు ఒక్కటి వేసుకోండి. లోపల నూలు బనీను. జిప్పు గడ్డం దాకా లాగి మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా దించకండి.

దీని మహిమ చూడాలంటే డిసెంబరులో పాడేరు దగ్గర వనజంగికి వెళ్లండి. మబ్బుల సముద్రం మీద సూర్యోదయం చూడాలని జనం తెల్లవారకముందే చీకట్లో టార్చిలైట్లు పట్టుకుని ఎక్కుతారు. ఎక్కినంతసేపూ ఒళ్లు పొగలు కక్కుతుంది. బనీను పిండితే కారేలా తడుస్తుంది. పైకి చేరాక సూర్యుడి కోసం కదలకుండా కూర్చోవాలి, గాలి మొదలవుతుంది, అప్పుడు ఆ తడి బనీను వీపుకి ఐసుగడ్డలా అంటుకుంటుంది. మిగతావాళ్లు మబ్బుల్ని చూస్తుంటారు. మీరు మాత్రం ఎవరి భుజాన శాలువా ఉందో చూస్తుండండి.

4. స్వెట్టరు మోసుకెళ్లొద్దు. మోసుకొచ్చేవాణ్ని వెతుక్కోండి.

ప్రతి బృందంలో రెండు స్వెట్టర్లు తెచ్చుకునేవాడు ఒకడుంటాడు. సాధారణంగా వాళ్లమ్మ సర్ది పంపిన బ్యాగు వాడిదే అయ్యుంటుంది. బస్సులోనే కనిపెట్టి, పక్క సీటు సంపాదించి, టిఫిను మీరే ఇప్పించండి. లంబసింగి దాటేలోపు స్నేహం ముదరాలి. ఆ చలిలో అడిగితే ఎవడూ ఇవ్వడు. కాబట్టి అడక్కండి. వాడికి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, దూరంగా చూస్తూ పళ్లు టకటకలాడించండి. వాడే అంటాడు.

"బావా, నా దగ్గర ఇంకోటుంది, వేసుకుంటావా?"

"వద్దులేరా. నాకంత చలి వెయ్యదు."

"ఫరవాలేదు, వేస్కో."

"నీకు మళ్లీ..."

ఇక్కడ ఆగండి. ఇంకొక్కసారి వద్దంటే నమ్మేస్తాడు. తీసుకున్న స్వెట్టరుని ఊరొచ్చేదాకా విప్పకండి, ఇచ్చేటప్పుడు ఉతక్కండి. జేబులో వేరుశెనగ పొట్టు ఉంటే ఉండనివ్వండి, మీరు నిజంగానే వాడుకున్నారని వాడికి తృప్తి.

మంకీ క్యాపు మాత్రం ఎవరిచ్చినా తీసుకోవద్దు. చెవులు వెచ్చబడితే ముఖంలో దైన్యం పోతుంది, పైగా ఫోటోలో మామయ్యలా కనిపిస్తారు. గొంగడి జోలికి అసలే పోకండి. తెలంగాణలో గొర్రెలకాపరులు తరతరాలుగా చలికీ వానకీ ఎండకీ అదే కప్పుకుంటున్నారు, తడిసినా వెచ్చగానే ఉంటుంది, రాత్రికి పరుపవుతుంది. ఒక్క గుడ్డతో ఇన్ని సాకులు పోగొట్టుకోవడం తెలివైనవాడి పని కాదు.

5. వానకి గొడుగు పట్టండి.

శిఖరం దగ్గర గాలికి గొడుగు తిరగబడటం చూడముచ్చటగా ఉంటుంది. ఒక చెయ్యి దానికే అంకితం కాబట్టి సామాను పట్టుకోమని ఎవరూ అడగరు. గొడుగు లేదంటారా, దారిలో అమ్మే పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోటు కొనండి. తల దూర్చగానే చంక దగ్గర చిరుగుతుంది. చిరగని భాగంలో చెమట పట్టి లోపల ఎలాగూ తడుస్తారు, కాబట్టి వాన ఏ వైపు నుంచి వచ్చినా ఒకటే. బ్యాగుకి కవరు తొడగొద్దు. చిరిగిన కోటుని కొండ మీదే విసిరేసి, కిందికొచ్చాక పర్యావరణం గురించి రెండు ముక్కలు మాట్లాడండి.

బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లు వానాకాలంలో కుద్రేముఖ్ వైపు పోతుంటారు. మీరూ వెళ్తే నిక్కరే వేసుకోండి. పొడుగు ప్యాంటు, దాని అంచులు పొడుగు సాక్సుల్లోకి దోపుకోవడం, ఇవన్నీ జలగలకి అన్నం పెట్టని లోభుల పనులు. జలగ పట్టినట్టు తెలియదు. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థమేదో వదులుతుంది కాబట్టి అది రాలిపోయాక కూడా పిక్క మీద ఎర్రటి ధార కారుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లకి పంపడానికి అంతకన్నా మంచి ఫోటో ఏముంది?

6. ఎండాకాలంలో నూలు మానేయండి.

రెండో చిట్కాలో నూలుని పొగిడి ఇక్కడ వద్దంటున్నానేమిటని అడక్కండి. పొడి ఎండలో వదులైన లేతరంగు నూలుచొక్కా నిజంగానే సుఖంగా ఉంటుంది. అందుకే వద్దంటున్నాను. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతరకి వెళ్తున్నారనుకోండి. ఒంటికి అతుక్కునే నల్ల టీషర్టు వేసుకోండి. చేతులు ఎంత బయటికి ఉంటే అంత మంచిది. తలకి తువ్వాలు చుట్టుకోవడం ముసలివాళ్ల అలవాటని నవ్వేయండి. సలేశ్వరంలో దేవుడు లోయలో ఉంటాడు కాబట్టి పోయేటప్పుడు దిగుడు, "వస్తున్నం లింగమయ్యా" అని అరవడానికి ఓపికుంటుంది. తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు. అక్కడ బండకి ఆనుకుని కూర్చోండి. తలకి తువ్వాలు చుట్టుకున్న ముసలాయన ఒకాయన ఎలాగూ వెనకే వస్తుంటాడు, తన సీసాలో నీళ్లు ఆయనే పోస్తాడు.

7. మంచులో నల్లకళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకోండి.

కేదార్‌కంఠ అంటే ఇప్పుడు కుర్రకారుకి పిచ్చి. సుమారు 3,800 మీటర్లు, డిసెంబరు నుంచి మంచు. ప్రతి వెయ్యి మీటర్లకీ అతినీలలోహిత కిరణాలు పదిశాతం దాకా పెరుగుతాయి. కొత్తగా పడిన మంచు వాటిలో ఎనభై శాతం దాకా తిరిగి మీ ముఖం మీదికే కొడుతుంది. ఇన్ని కిరణాలు ఉచితంగా వస్తుంటే కళ్లకి అడ్డం పెట్టుకోవడమేంటి? సాయంత్రానికి కళ్లల్లో ఇసుక పోసినట్టుంటుంది, మర్నాడు మిమ్మల్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. పెళ్లయ్యాక మీ ఆవిడ మీ చెయ్యి ఇంత శ్రద్ధగా పట్టుకోవడం అదే మొదటిసారి కావచ్చు.

ఉన్ని గ్లౌజులు వేసుకుని మంచుముద్దలు చేసి ఆడండి. తడిశాక విప్పి ఫోను తీయండి. ఎక్కడం మొదలుపెట్టే ఊరు సాంక్రిలో జాకెట్లూ బూట్లూ అద్దెకిస్తారు. ఆ వైపు చూడకండి, వేరేవాళ్లు తీసుకుంటారుగా.

8. బూట్లు బయల్దేరే రోజునే కొత్తవి తొడగండి.

రెండువారాలు ముందు కొని ఇంటి చుట్టూ నడిచి మెత్తబరచుకోవాలని, పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట కొనాలని చాదస్తులు చెప్తారు. మీరు ఆన్‌లైన్‌లో తెప్పించండి, ధర చీటీ కత్తిరించకండి, సాక్సు లోపలికి దోపేయండి. వచ్చాక బురద తుడిచి "సైజు సరిపోలేదు" అని వాపసు పంపొచ్చు. మడమ దగ్గర బొబ్బ చితికి అంటిన మరకకి మాత్రం కారణం ఆలోచించుకోవాలి. కాలిగోళ్లు తీసుకోకండి. దిగేటప్పుడు బొటనవేలు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోరు నల్లబడుతుంది, అది నెలల తరబడి చూపించుకోవచ్చు.

ఎవరైనా నిలదీస్తే, "అలిపిరి నుంచి 3,550 మెట్లు ఉత్తకాళ్లతో ఎక్కినవాణ్ని, నాకు బూట్లెందుకు?" అనండి. ఎదుటివాడికి దేవుడి మాటకి ఎదురు చెప్పే ధైర్యం ఉండదు. తిరుమల దారిలో పైన కప్పు, పక్కన కొట్లు, కాలికింద చెక్కిన మెట్లు ఉంటాయన్న సంగతి మీరు ఎత్తకండి.

9. స్వెట్టరు లేనివాళ్లకి ఒక పెగ్గు.

చర్మంలో రక్తనాళాలు విచ్చుకుని ఒంట్లో వేడి బయటికి పోతుందని డాక్టర్లంటారు. కానీ ముందు వెచ్చగా అనిపిస్తుంది కదా. మనకి అనిపించడమే ముఖ్యం.

10. వణుకు ఆగిపోతే చలి తగ్గిందని సంబరపడండి.

మాట ముద్దగా వస్తున్నా, చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్లు మాట వినకపోయినా పట్టించుకోవద్దు. గైడు మాత్రం ఇక్కడ తమాషా పట్టడు. తడిబట్టలు విప్పించి, పొడివి తొడిగించి, స్లీపింగ్ బ్యాగులో దూర్చి, తెలివి ఉంటే వేడివేడిగా తియ్యటి టీ తాగించి, మనుషుల్ని పెట్టి కిందికి దించేస్తాడు. ఒక్క అడుగు వేయకుండా కిందికి! మొదటి చిట్కా నుంచి మనం కోరుకుంటున్నది ఇదే. ఆ విజయం చూసుకోవడానికి మీకు స్పృహ ఉంటుందన్న హామీ మాత్రం నేనివ్వలేను.

11. ఫోటో టీకొట్టు దగ్గరే దిగండి.

అరువు జాకెట్టు, నెత్తిన కళ్లద్దాలు, వెనకాల కొండ. టీ గ్లాసు కనపడకుండా చూసుకోండి. కింద "నన్ను నేను జయించాను" అని రాయండి. అసలు కొండెక్కి వచ్చినవాళ్లు ఎలాగూ అలిసిపోయి నిద్రపోతుంటారు, వచ్చి కామెంటు పెట్టే ఓపిక వాళ్లకుండదు.

ఈ పదకొండూ పొల్లుపోకుండా పాటించినవాణ్ని ఏ బృందమూ రెండోసారి రమ్మనదు. ఇక ప్రతి ఆదివారం ఇంట్లోనే పడుకోవచ్చు. దానికి లుంగీ చాలు.