సాధనశూరుడు

నగరాలలోని ఈతకొలనులకు తెల్లవారుజామునే చేరుకునే క్రీడాకారులలో సాధనశూరుడిది ఒక ప్రత్యేకమైన జాతి. సోమవారం నుంచి శనివారం వరకు ఇతడు ఎవరికీ అందడు. పోటీ జరిగే ఆదివారం నాడు మాత్రం అందరికీ అందుతాడు. ఇతడిని ఉత్తరకుమారుడితో పోల్చడం పరిపాటి గాని అది న్యాయం కాదు, ఎందుకంటే ఉత్తరుడు అంతఃపురంలో మాటలే చెప్పాడు, ఇతడు నిజంగానే ఈదుతాడు. చిక్కంతా ఆ ఈతను కొలిచే పద్ధతిలో ఉంది.

వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో తన సమయం ఎంతో ఇతడు అడగకుండానే చెబుతాడు. ఆ అంకె పుట్టుపూర్వోత్తరాలను విచారిస్తే, అది 25 మీటర్ల కొలనులో పుట్టినదని తేలుతుంది. అటువంటి కొలనులో వంద మీటర్లకు మూడు మలుపులు వస్తాయి, 50 మీటర్ల కొలనులో ఒక్కటే. గోడను కాళ్లతో తన్ని దూసుకుపోయే ప్రతి మలుపూ కొంత కాలాన్ని మిగులుస్తుంది కనుకనే ప్రపంచ రికార్డులను సైతం ఈ రెండు కొలనులకూ వేర్వేరుగా నమోదు చేస్తారు. పైగా సాధనలో ఇతడు ముందు ఈదేవాడి పాదాలను అంటిపెట్టుకుని వెళతాడు. అప్పటికే ఒకరు చీల్చిన నీటిలో వెనుకవాడికి నిరోధం, అంటే శరీరాన్ని నీరు వెనక్కి పట్టే బలం, తగ్గుతుంది. అన్నిటికీ మించి స్టాప్‌వాచ్ తండ్రి చేతిలో ఉంటుంది. కొడుకు గోడను విడిచిన కాసేపటికి మొదలై, తిరిగి గోడను చేరడానికి బారెడు ముందే ఆగిపోయే ఆ గడియారంలో పుత్రవాత్సల్యం సెకనులో వందో వంతు వరకు కచ్చితంగా నమోదవుతుంది. పెద్ద పోటీలలో గోడకు అమర్చే టచ్‌ప్యాడ్‌కు, అనగా చేయి తగలగానే గడియారాన్ని ఆపే పలుచని పలకకు, బంధుప్రీతి లేదు.

ఈ ఇంటి అంకెనే ఎంట్రీ సమయంగా రాసి పంపడం వల్ల మరో విపత్తు కలుగుతుంది. ఎనిమిది లేన్ల కొలనులో, హీట్‌లో అందరికంటె మెరుగైన సమయం ఉన్నవాడికి నాలుగవ లేన్ ఇచ్చి, తక్కినవారిని అటూ ఇటూ సర్దడం నియమం. ఆ కారణంగా సాధనశూరుడు అసలైన వేగవంతుల నడుమ, గ్యాలరీకి చక్కగా కనబడే చోట, ఆఖరివాడిగా వస్తాడు. అంచు లేన్‌లో అయితే ఈ సంగతిని బంధువులు గమనించి ఉండేవారు కారు.

అంతకు ముందే స్టార్టింగ్ బ్లాక్ అనే గండం ఒకటుంది. నీటికి అర మీటరు నుంచి ముప్పావు మీటరు ఎత్తున ఉండే ఈ దిమ్మె మీద సంకేతానికి ముందే బయలుదేరితే మొదటి తప్పుకే అనర్హత. సాధనలో ఏనాడూ దిమ్మె ఎక్కక, గోడను తన్నే బయలుదేరిన మనిషి, నియమభంగం జరగరాదన్న ధర్మచింతనతో, తక్కిన ఏడుగురూ నీళ్లలో పడ్డాక గాని కదలడు. కదిలాక గాగుల్స్‌లో నీరు చేరుతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదుతుండగా మైకేల్ ఫెల్ప్స్ గాగుల్స్‌లోనూ నీళ్లు నిండాయి. ఆయన చేతివిసుర్లు లెక్కపెట్టుకుంటూ గోడను చేరి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. సాధనశూరుడు ఈ కథను గాగుల్స్ నిండేంతవరకే గుర్తుంచుకుంటాడు.

ప్రేక్షకుల వల్లే తన ఈత చెడుతోందని ఇతడి వాదం. ఇందులో సగం శాస్త్రసమ్మతమే. తోటివారి ఉనికి బాగా అలవడిన పనిని మెరుగుపరుస్తుందని, అలవడని పనిని చెడగొడుతుందని సామాజిక మనస్తత్వవేత్త రాబర్ట్ జాయన్స్ 1965లో ప్రతిపాదించి, 1969లో సహచరులతో కలిసి బొద్దింకల మీద పరీక్షించిన ఫలితాలను ప్రకటించాడు. తోటి బొద్దింకలు చూస్తుండగా అవి తిన్నని దారిలో వేగంగానూ, మలుపున్న దారిలో నిదానంగానూ పరుగెత్తాయి. అయితే ఆ బొద్దింకలు పరుగు ముగిశాక, నీళ్లు బరువుగా ఉన్నాయనిగాని, ఉదయం ఇడ్లీ ఆలస్యమైందనిగాని చెప్పినట్లు దాఖలా లేదు.

కోచ్‌లకు ఒక విన్నపం. వారానికొకసారి ఇతడిని వార్మప్ తరువాత చాలాసేపు ఊరికే కూర్చోబెట్టి, పేరు పిలిచి, దిమ్మె ఎక్కించి, విజిల్ ఊది, ఒక్కసారి మాత్రమే ఈదించి కాలం కొలవండి; స్టాప్‌వాచ్‌ను మాత్రం వేరొకరి తండ్రి చేతికివ్వండి.